కుట్టులో వదిలిన గుడ్డ

లూకా సలోమికి చేసిన మొదటి ఉపకారం ఆమె చీర కత్తిరించడం.

అదీ రెజిమెంటల్ బజార్‌లో, పట్టపగలు, పదిమంది చూస్తుండగా. తెల్లచీర కట్టుకుని, మిషనరీ బడులవాళ్ళు తొక్కి చూడమని ఇచ్చిన లేడీస్ సైకిలు మీద దర్జాగా వస్తున్న సలోమి సరిగ్గా యెషయాగారి టైలరు షాపు ముందుకొచ్చేసరికి కింద పడింది. చైను కవరు ఊడిపోయిన సైకిలది. కుచ్చిళ్ళు చైనులో చుట్టుకుపోయాయి. లాగితే బిగుసుకుంటున్నాయి, వదిలేస్తే లేవడానికి లేదు.

షాపులోంచి ఓ కుర్రాడు ఇంత పొడుగు కత్తెరతో పరుగెత్తుకొచ్చాడు.

"జెర కదలకున్రి," అన్నాడు.

ఏం చేస్తున్నావయ్యా అని అడిగేలోపే కరకరమని చప్పుడైంది.

"చీర కోసేశారు!"

"చీరె కోసిన. కాలు కొయ్యలే. ఖుషీ అవ్వున్రి."

"ఇది మా అమ్మ చీర!"

"అమ్మ చీరె కట్టుకొని సైకిలెక్కుమని ఎవరు చెప్పిన్రు?"

"కత్తెర పట్టుకుని మీదికి రమ్మని మీకెవరు చెప్పారు? చీర అడ్డం పడిందిగానీ నాకు తొక్కడం బాగానే వచ్చు."

"ఆడలేక మద్దెల ఓడు అన్నరంట ఎన్కటికి," అని నవ్వాడతను. నవ్వుతూనే చైనులో చిక్కుకున్న పీలికలన్నీ ఓపిగ్గా తీసి, పెడలు తిప్పి చూసి, సైకిలు నిలబెట్టి ఇచ్చాడు. సలోమి థాంక్స్ చెప్పలేదు. చిరిగిన అంచు ఓ చేత్తో, హ్యాండిలు ఓ చేత్తో పట్టుకుని, వెనక్కి తిరక్కుండా ఇంటిదాకా నడిచింది.

ఇల్లంటే ఆమె పిన్ని కాంతమణి ఇల్లు. సలోమిది తెనాలి. అక్కడ అన్నయ్య ఇంట్లో, అన్నయ్య పిల్లలకు ముక్కులు తుడుస్తూ బతుకు తెల్లారిపోయేలా ఉందని, ట్రెయినింగు సర్టిఫికెట్టు పెట్టెలో పెట్టుకుని ఒంటరిగా రైలెక్కి సికింద్రాబాద్ వచ్చేసింది. పోలీసు చర్య జరిగి ఏడాది కావస్తోంది. రజాకార్ల రోజుల్లో మూతపడ్డ పల్లెబడులు ఒక్కొక్కటే మళ్ళీ తెరుస్తున్నారు. వాటిని చూసుకోవడానికి సైకిలు మీద ఊరూరూ తిరిగే సూపర్‌వైజరు ఒకరు కావాలి. ఆ ఉద్యోగం మీద సలోమి కన్ను పడింది. పడితే సలోమిది ఉడుంపట్టు.

బడుల మేనేజరు ఆలిస్‌గారు కచ్చితమైన మనిషి. బజార్లో పడ్డ సంగతి సాయంత్రానికే ఆవిడ చెవిలో పడింది.

"మనిషి పనికొస్తుంది, చీర పనికిరాదు," అన్నారావిడ. "వచ్చే సోమవారం బడి గంట కొట్టేలోపు సైకిలు మీద కాప్రా చేరి చూపించు. లేకపోతే పోస్టు ఏసురత్నానికి ఇచ్చేస్తాను."

ఆ పోస్టుకే కాచుకున్న ఏసురత్నానికి తనకంటే ఎక్కువ తెలిసిందల్లా ప్యాంటు తొడుక్కోవడమేనని సలోమికి తెలుసు. ఆ ఒక్కదానికీ ఓడిపోయి తెనాలి రైలెక్కడమా? కాప్రా బడికి ఆమె ఒకసారి జట్కాలో వెళ్ళొచ్చింది. చెరువుగట్టు దాకా వెంటవచ్చిన ఆడపిల్లలు "మల్ల ఎప్పుడొస్తవ్ టీచరమ్మా?" అని అడిగారు. మళ్ళీ వస్తానని వాళ్ళకు మాటిచ్చేసింది.

మర్నాడు చిరిగిన చీర తీసుకెళ్ళి లూకా ముందు బల్ల మీద పడేసింది.

"కోసింది మీరు. కుట్టాల్సింది కూడా మీరే."

"చీరె అతుకుతే మంచిగుండదు."

"చీర కాదు. సైకిలెక్కితే చైనులో పడకూడదు. రైలెక్కితే నలగకూడదు. చర్చికెళ్తే మా పిన్ని తిట్టకూడదు. అలాంటి డ్రస్సు."

లూకా తల గోక్కున్నాడు. "గసొంటి డ్రస్సు ఇంకా పుట్టలే టీచరమ్మా."

"పుట్టించండి."

లోపల కుట్టు మిషను దగ్గర కూర్చున్న యెషయాగారు కళ్ళజోడు మీదుగా చూశారు. మెడలో టేపు వేలాడుతోంది. ఆయన తెల్లవాళ్ళ పటాలానికి యూనిఫారాలు కుట్టిన టైలరు. పటాలం పోయింది, ఆర్డర్లూ పోయాయి. ఖాకీ డ్రిల్లు తానులు మాత్రం గోడవారగా మిగిలిపోయాయి. షాపు మూసేద్దామని ఆయనా, మూసేది లేదని కొడుకు లూకా పొద్దస్తమానం వాదించుకుంటూ ఉంటారు.

"ఖాకీ ఉన్నది బిడ్డా. మట్టి కానరాదు. పదేండ్లయినా చిరగది," అన్నారాయన.

"మాస్టర్ గారూ, నేను ఖాకీ వేసుకుని ఊళ్ళోకెళ్తే పిల్లలేమవుతారు? మొన్నటిదాకా ఖాకీ చూస్తే తలుపులు వేసుకున్న ఊళ్ళవి."

యెషయాగారు మళ్ళీ మిషను వైపు తిరిగారు. లూకా మాత్రం ఆమె వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు. చూసి, అటక మీంచి ఓ నేతగుడ్డ తాను దింపాడు. నేరేడుపండు రంగు. మెత్తగా, తేలిగ్గా, చేతిలో పడితే చల్లగా ఉంది.

"మట్టి పడ్డా కానరాదు. గాలి ఆడుతది. మడతపెట్టి మీద కూసున్నా నలగదు," అన్నాడు.

"పటాలం టైలర్లు కదా, ఇదెందుకు కొన్నారు?"

"మంచిగ అనిపించింది. ఎవరికి కుట్టాల్నో తెల్వలే. ఇప్పుడు తెలిసింది."

సలోమి గుడ్డను అటూఇటూ తిప్పి చూడటంలో అవసరమైనదానికంటే ఎక్కువసేపు గడిపింది.

బల్ల మీద సుద్దముక్కతో లూకా బొమ్మ గీశాడు. కింద పైజమాలా రెండు కాళ్ళు. కానీ ముందూ వెనకా కుచ్చిళ్ళు దట్టంగా కుట్టి కప్పేస్తాడు. నిలబడితే చీర, సైకిలెక్కితే కుచ్చిళ్ళు రెండుగా విడిపోతాయి. పైన నడుము దిగే రవిక, భుజం నుంచి నడుముకు బిగించి కుట్టిన పొట్టి పైట.

"రెండు పక్కలా జేబులు కావాలి," అంది సలోమి.

"ఆడోళ్ళకు జేబులా?"

"ఏం, ఆడవాళ్ళకు చేతులు లేవా?"

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు కొలతల దగ్గరొచ్చింది. యెషయాగారి షాపుకో రూలుంది. పరాయి ఆడదాని మీద వాళ్ళ టేపు పడదు. అందరు టైలర్లలాగే ఆది రవిక, అంటే కొలతకోసం ఓ పాత రవిక తెమ్మంటారు, దాన్ని చూసి కుడతారు. కానీ ఇంకా పుట్టని బట్టకు ఆది ఎక్కణ్ణుంచి తెచ్చేది?

చివరికి కాంతమణి వచ్చింది. షాపు వెనకగదిలో తెర కట్టారు. తెరవెనక పిన్ని కొలవడం, గట్టిగా చెప్పడం, ముందుగదిలో లూకా రాసుకోవడం. ఆ షాపులో గుడ్డ మీద గీత గీసేది కొడుకు, కత్తెర వేసేది తండ్రి. శుక్రవారానికి ఇస్తామన్నారు, ఇచ్చారు.

సలోమి ఇంట్లో తొడుక్కుని బయటికొచ్చింది. సరిగ్గా చెప్పాలంటే ముందు డ్రస్సు వచ్చింది, కాసేపటికి సలోమి వచ్చింది. భుజాలు మోచేతుల మీదికి జారాయి. నడుము దగ్గర పట్టుకోకపోతే నిలిచేలా లేదు. కుచ్చిళ్ళు నేల ఊడుస్తున్నాయి.

"బాగానే ఉందే, నిండుగా ఉంది," అంది పిన్ని.

"నిండుగా కాదు పిన్నీ, గుడారంలా ఉంది!"

బయట వాన పట్టుకుంది. సలోమి ఆగలేదు. రెండు చేతులా నడుము పట్టుకుని, కుచ్చిళ్ళు ఎగదోపుకుని, వానలోనే బజారుకు బయల్దేరింది. వెనక గొడుగుతో పిన్ని పరుగు. బజారు బజారంతా కొట్ల అరుగుల మీదికొచ్చి చూసింది. చూస్తే చూడనీ అనుకుంది సలోమి. నాలుగు రోజుల కిందట కింద పడ్డప్పుడు చూశారు, ఇప్పుడు నడుస్తుంటే చూస్తున్నారు, కొంత నయమేగా.

"ఇది నా ఒక్కదానికే కుట్టారా, మా పిన్ని కూడా ఇందులోనే పట్టాలా?" అంది షాపు గడపలో నిలబడి.

లూకా మొహం పాలిపోయింది. "గిట్లెట్ల అయింది? రాసుకున్న కొలతకే గీత గీసిన గదా!"

"నిజం చెప్పండి. ఏమన్నా కలిపారా?"

"అంటే... రెండంగుళాలు. సైకిలు తొక్కుతరు గదా, జెర ఫ్రీగ ఉండాలె అని."

యెషయాగారు దగ్గారు. "నువ్వు కలిపినవని నాకేం తెల్సురా? నేను సుత కత్తెర రెండంగుళాలు బయటికే ఏసిన. నేతగుడ్డ గదా, నీళ్ళల్ల పడితే గుంజుకుంటది."

అందరూ కాంతమణి వైపు తిరిగారు.

"నన్నెందుకు చూస్తారు?" అందావిడ గొడుగు ముడుస్తూ. "పెళ్ళికావలసిన పిల్ల కొలతలు ఉన్నవున్నట్టు మగాళ్ళకు అరిచి చెప్పమంటారా? మర్యాద ఉండొద్దూ? నేనూ ఓ రెండేసి..."

"పిన్నీ!"

ముగ్గురూ ముగ్గురే. ఎవరికి వారు మంచే చేశారు. ఆ మంచి అంతా ఇప్పుడు సలోమి చుట్టూ తడిసి వేలాడుతోంది.

సలోమికి నవ్వు రాలేదు, కళ్ళనీళ్ళొచ్చాయి. "నేను సైకిలెక్కడం మీకెవరికీ ఇష్టం లేదని ముందే చెప్పొచ్చుగా! సోమవారం పోతే ఉద్యోగం ఏసురత్నానిది. నేను తెనాలి పోవాలి. మళ్ళీ రాను."

"తెనాలి పోతరా?" అన్నాడు లూకా. అతనికి ఆ సంగతి ఇప్పుడే తెలిసింది. సుద్దముక్క చేతిలోంచి జారి కిందపడింది. "గట్ల అనకున్రి. మీరు సైకిలెక్కుడు నాకు ఇష్టమే. పడకుండ ఎక్కుడు ఇంకా ఇష్టం."

ఆ మాట తిన్నగా లోపలికి వెళ్ళి కూర్చుంది. సలోమి అరచేత్తో మొహం తుడుచుకుని యెషయాగారి ముందు చెయ్యి చాపింది.

"మాస్టర్ గారూ, టేపు ఇలా ఇవ్వండి. నా కొలతలు నేనే తీసుకుంటాను. ఎవరూ ఏమీ కలపొద్దు."

"ఇక్కడా? అందరిముందా?" అంది కాంతమణి.

"తెరవెనక నువ్వు తీస్తే ఏమైందో చూశాంగా."

అంతే, లూకా ఎవరూ చెప్పకుండానే గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వేరే సుద్దముక్క తీసుకుని, "చెప్పున్రి," అన్నాడు. సలోమి తెరవెనక్కి వెళ్ళింది. తడిగుడ్డ తీసేసి, పిన్ని ఇంటినుంచి తెప్పించిన చీరా రవికా వేసుకుని, రవిక మీద టేపు పెట్టి, గొంతు తగ్గించకుండా ఒక్కో కొలతా చెప్పింది. అతను ఒక్కోటీ గోడ మీద రాశాడు. కాంతమణి చెవులు మూసుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చెప్పడం అయిపోయేదాకా లూకా మెడ ఇటు తిరగలేదు. వెనకనుంచి అతని చెవులు మాత్రం ఎర్రగా కనిపించాయి.

"అబ్బాయ్, ఆ అంకెలు తుడిచెయ్! పదిమందీ వచ్చే చోటు!" అంది కాంతమణి.

లూకా వెంటనే అరచేత్తో గోడంతా తుడిచేశాడు.

"అయ్యో, మరి కుట్టేదెలా?" అంది సలోమి.

"యాదికున్నయి," అన్నాడు గోడతోనే.

డ్రస్సు శనివారం సాయంత్రానికి ఇంటికొచ్చింది. సలోమి తొడుక్కుని అద్దం ముందు నిలబడితే కాంతమణి చుట్టూ తిరిగి చూసింది. తప్పు పట్టడానికే తిరిగింది. దొరకలేదు. మడమలపైన ఆగిన కుచ్చిళ్ళు, సన్నగా కుదిరిన నడుము, చెయ్యెత్తినా వంగినా ఎక్కడా పట్టని భుజం. సలోమి మంచమెక్కి కిందికి దూకింది. మళ్ళీ ఎక్కి దూకింది.

"దేవుడా, పిల్లకు మతిపోయింది," అంది పిన్ని. కానీ గొంతులో కోపం లేదు.

ఆదివారం చర్చికి అదే వేసుకెళ్ళింది. ఆడవాళ్ళ వరసలో ఎవరికీ అనుమానం రాలేదు, కొత్తరకం చీర అనుకున్నారు. కానుక పళ్ళెం వచ్చేదాకా అంతా సవ్యంగానే జరిగింది. అందరూ చెంగుముడులు విప్పుకుంటుంటే సలోమి కుచ్చిళ్ళ పక్కన చెయ్యి పెట్టి, గాల్లోంచి తీసినట్టు అణా తీసి వేసింది. వరస వరసంతా తలలు తిప్పింది. ఆపైన ప్రసంగం ఎవరూ విన్నట్టు లేదు. గుమ్మం దగ్గర అదే వరసలో కూర్చున్న ఎమిలీగారూ, ఆవిడ కోడలు సువార్తా సలోమిని పట్టుకుని జేబులో చేతులు పెట్టి మరీ చూశారు. మగవాళ్ళ వరసలోంచి లూకా అదంతా గమనిస్తూ, పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాడని యెషయాగారు తరవాత చెప్పారు.

సోమవారం తెల్లవారేసరికి ముసురు. పిన్ని ఆపాలని నోరు తెరిచి, పిల్ల మొహం చూసి మూసేసింది. సలోమి బయల్దేరింది. రెజిమెంటల్ బజార్లో ఆ షాపు అంత పొద్దున్నే తెరిచి ఉంది. లూకా గడపలో నిలబడి ఉన్నాడు, చేతిలో కత్తెర.

"అదెందుకు?" అంది ఆగకుండానే.

"అవసరం పడుతదేమో అని!"

"పడదు!" అని గంట మోగించి వెళ్ళిపోయింది.

మౌలాలీ గుట్ట దాటాక రోడ్డు బురదైపోయింది. ఎదురుగాలికి వాన మొహాన కొడుతోంది. రెండుచోట్ల దిగి సైకిలు ఎత్తుకుని దాటింది. మళ్ళీ ఎక్కిన ప్రతిసారీ కుచ్చిళ్ళు విడిపోయి దారిచ్చాయి. ఒక్క పోగు కూడా చైను వైపు పోలేదు. కాళ్ళు నొప్పెట్టాయి, వేళ్ళు కొంకర్లు పోయాయి, అయినా తెనాలి అన్న మాట తలుచుకుంటే చాలు, పెడలు దానంతటదే తిరిగింది. కాప్రా చెరువుగట్టు కనిపించేసరికి ఆమె పెద్దగా నవ్వేసింది, వినేవాళ్ళు లేకపోయినా.

గంట ఇంకా కొట్టలేదు. ఆలిస్‌గారు జట్కాలో ముందే వచ్చి వరండాలో ఉన్నారు. బడి సుద్దలన్నీ కారుతున్న కప్పుకింద నాని ముద్దయిపోయాయని పంతులుగారు చేతులు పిసుక్కుంటున్నాడు. సలోమి జేబులో చెయ్యి పెట్టింది. బయల్దేరేముందు వేసుకున్న నాలుగు సుద్దముక్కలూ తడవకుండా ఉన్నాయి. జేబు లోపల వానకోటు గుడ్డ వేసి కుట్టి ఉంది. అడగని పని అది. పటాలం నేర్పిన పని.

బోర్డు మీద పెద్దగా "అ" రాసి ఆడపిల్లల వైపు తిరిగింది. "వస్తానన్నానా లేదా?" అంది.

ఆలిస్‌గారు ఆమెను కిందినుంచి పైదాకా చూశారు. "పోస్టు నీదే," అన్నారు. తరవాత కాస్త గొంతు తగ్గించి, "ఆ టైలరు ఎవరు?" అన్నారు.

మధ్యాహ్నం బావి దగ్గర బురద కడుక్కుంటూ కుచ్చిళ్ళు పిండితే, కుట్టు చేతికి లావుగా తగిలింది. తిరగేసి చూసింది. పక్క కుట్టూ అంతే, నడుమూ అంతే. లోపల మడతపెట్టి వదిలిన గుడ్డ వెడల్పు సలోమి వేళ్ళతో కొలిచి చూసుకుంది.

సాయంత్రం ఇంటికి పోలేదు. సైకిలు తిన్నగా షాపు ముందు ఆగింది, ఈసారి పడకుండా.

"ఉద్యోగం?" అన్నాడు లూకా లేచి నిలబడి.

"వచ్చింది!"

అతను కత్తెర తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు. యెషయాగారు "ప్రభువుకు స్తోత్రం" అన్నారు.

"డ్రస్సు గురించి ఒక్క ఫిర్యాదుంది," అంది సలోమి. "కుట్టు లోపల గుడ్డంతా మడతపెట్టి వదిలేశారు. ఆ కలిపినదంతా కోసి పారెయ్యాల్సింది కదా? మా తెనాలి టైలర్లు అరంగుళం వదలడానికే ఏడుస్తారు."

లూకా బల్లవైపు చూశాడు.

"నేను సుత గదే అడిగిన బిడ్డా," అన్నారు యెషయాగారు. "పటాలంల కొత్తగ చేరిన పోరగాండ్లకే నేను గంత గుడ్డ వదిలేటోణ్ణి. వాళ్ళు ఎదుగుతరు, మల్ల మన దగ్గరికే వస్తరు అని."

"నేనింకా ఎదుగుతానా?"

"మనిషన్నంక ఒక్క తీరుగ ఉంటరా?" అన్నాడు లూకా. మాట తడబడింది, అయినా ఆపలేదు. "రేపు జెర బొద్దుగ కావచ్చు. ఇంకేదన్న కావచ్చు. ఎప్పుడు బిగుతైతే అప్పుడు విప్పి కుడ్త. ఎన్నేండ్లయినా నేనే కుడ్త. మీరు ఇంకో టైలరు దగ్గరికి పోవద్దని వదిలిన."

గడపలో గొడుగు మూసిన చప్పుడైంది. పిల్ల ఇంకా రాలేదని వెతుక్కుంటూ వచ్చిన కాంతమణి నిలబడి ఉంది.

"అబ్బాయ్," అంది. "నువ్వు అడుగుతున్నది పెళ్ళి మాటేనా?"

"అవునమ్మా," అన్నాడు లూకా, ఈసారి తడబడకుండా.

కాంతమణి బెంచీ మీద కూర్చుంది. కుర్రాణ్ణి చూసింది, డ్రస్సును చూసింది, గోడమీద తుడిచేసిన సుద్దమరకను చూసింది.

"వాళ్ళన్నయ్యకు నేను చెప్పుకుంటాలే. కానీ జవాబు మాత్రం నన్నడక్కు. నేను చెప్తే మళ్ళీ రెండంగుళాలు కలుపుతాను. దాని కొలత అదే చెప్పుకుంటుంది."

అందరూ సలోమి వైపు చూశారు. వానకు తడిసి, బురద కొట్టుకుని, జుట్టు చెదిరి ఉంది. అయినా ఆ క్షణంలో ఆమెకు తాను చాలా బాగున్నట్టు అనిపించింది. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంది.

"నాకు ఇంకో జత కావాలి," అంది. "కానీ ఈసారి కొలతలు నేను చెప్పను, పిన్ని చెప్పదు. లూకా, నువ్వే తీసుకోవాలి."

లూకా తండ్రి వైపు తిరిగాడు.

"రూలున్నది గదా బిడ్డా," అన్నారు యెషయాగారు నసుగుతూ. "పరాయి ఆడిబిడ్డ మీద మా టేపు పడొద్దు."

"పరాయివాళ్ళకు కదా మామయ్యా ఆ రూలు!" అంది సలోమి.

ఆ పిలుపు వినగానే యెషయాగారు మిషను దగ్గర్నుంచి లేచొచ్చారు. మెడలోంచి టేపు తీసి కొడుకు మెడలో వేశారు.